ఫాక్స్‌హోల్ రేడియో: బ్లేడు ఇంకా మాట వినడం లేదు

గడ్డం గీసుకునే బ్లేడుతో, రెండో ప్రపంచ యుద్ధపు సైనికుల పద్ధతిలో చేసిన నా రేడియోలో నిన్న రాత్రి మాట వినిపించింది! 710 కిలోహెర్ట్జ్ మీద న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూఓఆర్, మగ గొంతు, ఒక్కో మాట విడివిడిగా తెలుస్తోంది. మహా అయితే ఇరవై సెకన్లు. ఆనందం పట్టలేక టేబుల్ మీద మోచెయ్యి ఆనించాను, అంతే, పోయింది. తర్వాత అర్ధరాత్రి దాటేదాకా పెన్సిల్ ములుకుతో బ్లేడుని గీకుతూనే ఉన్నాను, గుసగుస కూడా రాలేదు.

మిగతాదంతా బాగానే ఉంది. రెండంగుళాల అట్టగొట్టం మీద 26 గేజ్ ఎనామిల్ తీగ 120 చుట్లు (స్టేషన్‌ని పట్టే కాయిల్ ఇదే), లెక్క ప్రకారం 490 మైక్రోహెన్రీలు. పెరట్లో 15 మీటర్ల ఏరియల్. ఆ తీగకి సొంతంగా ఉండే కెపాసిటెన్సే (విద్యుత్తుని నిల్వ చేసుకునే గుణం) వంద పికోఫారడ్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి విడిగా కండెన్సర్ లేకుండానే 710 దగ్గర కూర్చుంది. బ్లేడు బదులు జర్మేనియం డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం) పెడితే మొదటిసారికే మోగింది. కానీ డయోడ్ పెట్టి దీన్ని ఫాక్స్‌హోల్ రేడియో అంటే నేను ఒప్పుకోను.

1944 జనవరి 22న ఇటలీలోని ఆంజియో తీరంలో దిగిన అమెరికన్ సైనికులు మే నెల చివరిదాకా ఆ కాస్త నేల దాటి ముందుకు వెళ్లలేకపోయారు. ఎదురుగా కొండల మీద జర్మన్లు, కింద బురద గోతుల్లో వీళ్లు. ఆసిలేటర్ (తరంగాలు పుట్టించే సర్క్యూట్) ఉన్న రేడియోలు తామే తరంగాలు బయటికి వదులుతాయి, శత్రువు పసిగడతాడని భయం. అందుకని గడ్డం గీసుకునే బ్లేడు, పిన్నీసు, పెన్సిల్ ములుకు, కాస్త తీగ, హెడ్‌ఫోన్. బ్యాటరీయే లేదు. దాంతో రోమ్ నుంచి వచ్చే శత్రువుల ప్రచార ప్రసారాలు వినేవాళ్లు. అందులో ‘యాక్సిస్ శాలీ’ పేరుతో మాట్లాడిన రీటా జుక్కా న్యూయార్క్‌లో పుట్టిన మనిషే. ఆమె బెదిరింపులు పక్కనపెట్టి మధ్యలో వేసే అమెరికన్ పాటల కోసం చెవులు రిక్కించేవాళ్లట. ఆంజియో నుంచి రోమ్ యాభై కిలోమీటర్లు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటి నుంచి రూథర్‌ఫర్డ్‌లోని డబ్ల్యూఓఆర్ టవర్లు దాదాపు నలభై, పైగా యాభై కిలోవాట్లు. దూరం వంక చెప్పడానికి లేదు.

ఇక బ్లేడు సంగతి. చెవిని నమ్మడం మానేసి హెడ్‌ఫోన్ కొసల మధ్య డీసీ మిల్లీవోల్టులు కొలుస్తున్నాను (పాత బ్రాండెస్ కంపెనీ హెడ్‌ఫోన్, 2000 ఓములు. దాని బదులు ఎవరు ఏ కొత్త ఇయర్‌పీస్ ఇచ్చినా తీసుకోను). జర్మేనియం డయోడ్‌తో 160 వచ్చింది. మామూలు స్టెయిన్‌లెస్ బ్లేడుతో సున్నా. దాన్నే టార్చ్‌తో కాలిస్తే ఒకటి, ఒక్కోసారి రెండు. కార్బన్ స్టీల్ బ్లేడుని నీలం తేలేదాకా కాలిస్తే 14తో మొదలై అర నిమిషంలో 3కి జారిపోతోంది. కిచెన్ ఓవెన్‌లో కాల్చమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. 500 ఫారెన్‌హీట్ అంటే 260 సెల్సియస్, ఆ వేడికి గోధుమరంగు దాటి ఊదా దాకా కూడా సరిగ్గా వెళ్లదు. నీలానికి మూడొందలైనా కావాలి. టార్చే నయం.

జారిపోవడానికి మొదటి అనుమానం ఒత్తిడి మీద. సెంటీగ్రాము దాకా చూపించే తూకం మీద బ్లేడు పెట్టి ములుకు ఆనించి చూశాను. 0.3 గ్రాముల లోపు ఉన్నంతసేపే పనిచేస్తోంది. ఒక గ్రాము దాటితే రెండు వైపులా ఒకేలా కరెంటు పోతోంది, ఇక రెక్టిఫై (ఒకవైపు కరెంటుగా మార్చడం) అయ్యేదేముంది? పిన్నీసు స్ప్రింగు ఒక్కటే నాలుగైదు గ్రాములు నొక్కుతోంది! అందుకని పిన్నీసు తోక కత్తిరించి గిటార్ మొదటి తీగ ముక్క అతికించాను. 14 కాస్తా రెండు నిమిషాలు నిలిచింది, మేడ మీద ఎవరో నడిచేదాకా. ములుకుల్లో గట్టిదైన 4హెచ్ ఆ పై పొరని గీసేస్తోంది, మెత్తటి 6బీ పొడిపొడిగా రాలుతోంది. ఇండియా నుంచి తెచ్చుకున్న నటరాజ్ హెచ్‌బీ వీటన్నిటికన్నా నిలకడగా ఉంది.

నిన్న రాత్రి పలికింది మాత్రం వీటిలో ఏదీ కాదు, ఫ్లీ మార్కెట్‌లో కొన్న పాత నీలి బ్లేడు. 22 మిల్లీవోల్టులు. నీలి బ్లేడులో ఏదో మహత్యం ఉందని అందరూ అంటారు కదా, నిజమే అనుకున్నాను. పొద్దున అసిటోన్‌తో తుడిస్తే దూదికి నీలం అంటింది. అంటే నా బ్లేడు మీదున్నది వేడికి వచ్చిన రంగు కాదు, పైన పూసిన లక్క. భూతద్దంలో చూస్తే పలికిన చోటు ఒక మూల, లక్క ఊడిపోయి, ఆవగింజంత తుప్పు పట్టిన చోటు.

ఇప్పుడు నా అనుమానమంతా తుప్పు మీదే. చలికాలం, వాన, బురద గోతులు: అక్కడ బ్లేడు తుప్పు పట్టకుండా ఉండాలంటేనే కష్టపడాలి. మనం శుభ్రమైన కొత్త బ్లేడుని టార్చ్‌తో కాల్చి, దానంతట అది తయారయ్యేదాన్ని తొందరపెట్టి చేయిద్దామని చూస్తున్నామేమో. నాలుగు కార్బన్ స్టీల్ ముక్కలు సిద్ధం చేశాను. ఒకటి ఉప్పునీళ్లలో ఒక రాత్రి, ఒకటి తడిగుడ్డలో వారం, ఒకటి తుప్పు పట్టించి ఆపైన మెల్లగా కాల్చడానికి, నాలుగోది ఏమీ చెయ్యకుండా పోల్చడానికి. తుప్పు మరీ మందంగా పేరుకుంటే అసలు కరెంటే పోదు కాబట్టి పొడిగుడ్డతో ఒక్కసారి తుడిచి కొలుస్తాను. టేబుల్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు కూడా పెట్టాలి.

ఇది పలికినా పలకకపోయినా యుద్ధకాలంలో ఇళ్లలో వినే రేడియో కూడా మొదలుపెడుతున్నాను. 1941 నాటి ఫిల్కో టేబుల్ సెట్ ఒకటి దొరికింది, ట్యూబుల్లో రెండు పోయాయి. ఆ రోజుల్లో అయితే ఈ సెట్ అటకెక్కేదే. 1942 ఏప్రిల్‌లో ఇళ్లకి రేడియోలు తయారుచెయ్యడం ఆపేసి ఫ్యాక్టరీలన్నిటినీ సైన్యం పనికి మళ్లించారు, విడి ట్యూబులకీ కటకటే. సరదాకి సొంతంగా ప్రసారాలు చేసే హామ్ రేడియో వాళ్లనైతే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడే ప్రసారాలు ఆపమన్నారు, మళ్లీ అనుమతి మొదలైంది 1945లోనే. నాకు ఇప్పుడు ట్యూబులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ఖరీదే కాస్త గుండె గుభేల్‌మనిపిస్తోంది.

రెండూ పనిచేస్తే 1944 జూన్ 5 రాత్రి రూజ్‌వెల్ట్ రోమ్ చేజిక్కిందని చెప్పిన ప్రసంగం రికార్డింగుని వినిపించాలని ఉంది. మర్నాడే నార్మండీ అని ఆయనకి తెలుసు, వింటున్న జనానికి తెలియదు. దాన్ని ఇంట్లోనే ప్రసారం చెయ్యాలి, అమెరికాలో లైసెన్సు అక్కర్లేని ఏఎం ట్రాన్స్‌మిటర్‌కి వంద మిల్లీవాట్లే పరిమితి, ఏరియల్ మూడు మీటర్లు. ఫిల్కోకి అది ధారాళంగా సరిపోతుంది. బ్లేడుకి మాత్రం పక్క గది దాకా కూడా అందదు. ఏరియల్‌కి ఆనుకునేలా ఒక లూప్ చుట్టి ట్రాన్స్‌మిటర్‌ని దానికి కలిపితే? అడుగు దూరంలో ఎంత వస్తుందో ముందు డయోడ్‌తోనే కొలుస్తాను.