దిండు తగిలినా నొప్పే

"టెన్షన్ తగ్గించుకోండమ్మా, అంతా మనసులోనే ఉంది." స్కాన్ రిపోర్టు కవర్లో పెట్టేస్తూ మొదటి డాక్టరు అన్న మాట. నాది మైగ్రేన్ తలనొప్పి. అది ఉన్నవాళ్లలో చాలామందికి స్కాన్ మామూలుగానే వస్తుంది. అంతమాత్రాన నొప్పి లేనట్టా?

ఆ మాట నమ్మి ఆరు నెలలు దాదాపు రోజూ నొప్పి బిళ్లలు మింగాను. ఒక రాత్రి రెండింటికి కుడి కణతలో మొదలైన పోటు మెడదాకా పాకింది. నాలుగు వాంతులు. చెంప దిండుకి ఆనిస్తే కాలిన చోట తాకినట్టు మంట. జడ విప్పుకుంటుంటే వెంట్రుకల కుదుళ్లన్నీ నొప్పే. పక్షవాతం వస్తోందనుకున్నాను. అక్క లైటు ఆర్పేసి, తెల్లారేదాకా నా చెయ్యి వదల్లేదు.

రెండో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. ముఖానికీ మెదడు పొరలకూ వెళ్లే ట్రైజెమినల్ నాడి కొసల్లోంచి సీజీఆర్‌పీ అనే న్యూరోపెప్టైడ్, అంటే నాడీకణాలు సందేశంగా వదిలే చిన్న ప్రోటీన్ ముక్క, విడుదలవుతుంది. 37 అమైనో ఆమ్లాల గొలుసు. గ్లుటమేట్ లాంటి మామూలు నాడీ సందేశ రసాయనం అయితే మిల్లీసెకన్లలో పని చేస్తుంది, కణాలు దాన్ని వెంటనే పీల్చేసుకుంటాయి. పెప్టైడ్‌ను అలా వెనక్కి లాక్కునే ఏర్పాటు లేదు. నాడి ఎడతెరిపి లేకుండా స్పందిస్తేనే అది ఎక్కువగా బయటికొస్తుంది. ఎంజైములు కోసేసేదాకా చుట్టూ వ్యాపించి రక్తనాళాలను ఉబ్బిస్తుంది, పక్క కణాలు చిన్న కదలికకే ఉలిక్కిపడేలా చేస్తుంది. ఆ అతి స్పందన మెదడు కాండానికి పాకిందంటే, దిండు తగలడం కూడా నొప్పిగానే తెలుస్తుంది. నొప్పి వచ్చినప్పుడు మెడ సిర రక్తంలో సీజీఆర్‌పీ పెరగడం 1990లోనే చూశారట. అది విని నాకు ఏడుపొచ్చింది. మనసులోనే ఉందన్నారు కదా!

రోజూ మింగిన బిళ్లలే నొప్పిని పెంచుతున్నాయని కూడా ఆవిడే చెప్పారు. మామూలు నొప్పి బిళ్లలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ మందులు 10 రోజులు చేరితే ఆ ప్రమాదం ఉంది. మానేసిన రెండు వారాలూ నరకమే. ట్రిప్టాన్లలో ఒకటైన సుమాట్రిప్టాన్ ఆ పెప్టైడ్ విడుదలను ఆపుతుంది, కాబట్టి పోటు మొదలవగానే వేసుకోవాలి. చర్మం మండటం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచెయ్యదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ముట్టుకోకూడదు.

తర్వాత నెలకోసారి ఎరెనుమాబ్ 70 ఎంజీ ఇంజెక్షన్. అది సీజీఆర్‌పీ వచ్చి అంటుకునే చోటునే, అంటే రిసెప్టర్‌నే, మూసేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచి, కుదపకుండా, తొడకి వేసుకుంటాను. మలబద్ధకం ఒక్కటే ఇబ్బంది పెట్టింది. మూడో నెలకి నొప్పి రోజులు 20 నుంచి 5కి దిగాయి. దేవుడి దయ, ఆ డాక్టరమ్మ ఓపిక.

డైరీ అక్కే రాస్తోంది: ఏ తేదీ, ఎన్ని గంటలు, ఎన్ని బిళ్లలు. మొదటి డాక్టరు ఇవేవీ ఒక్కసారైనా అడగలేదు.