వెతికే మాటకి తోక కోసేయండి

పాత లేఅవుట్ కాగితమో, మున్సిపల్ ఉత్తర్వో గూగుల్లో దొరకట్లేదంటే చాలాసార్లు తప్పు ఆపరేటర్‌ది (ఎలా వెతకాలో గూగుల్‌కి చెప్పే గుర్తుమాటది) కాదు, మనం ఇచ్చిన మాటది.

ఆపరేటర్ల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేది ఇంగ్లీషులోనే.) ఒకే వెబ్‌సైట్లో వెతికే 'సైట్:', ఒకే రకం ఫైళ్లని వెతికే 'ఫైల్‌టైప్:' పెట్టాక కోలన్ పక్కన స్పేస్ ఇవ్వకూడదు. ఇదైనా అదైనా సరే అని చెప్పే 'ఓఆర్' పెద్దక్షరాల్లో ఉండాలి. వద్దనుకున్న మాటకి మైనస్ గుర్తు అతుక్కునే ఉండాలి. ఫలానా తేదీకి ముందువి చూపించే 'బిఫోర్:'ని మాత్రం నమ్ముకోకండి, అది చూసేది గూగుల్ అంచనా వేసుకున్న తేదీని, కాగితం మీది తేదీని కాదు.

ఇక మాట సంగతి. పాత కాగితాల్లో పాత పేర్లే ఉంటాయి. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ పుట్టింది 2007లో. అంతకుముందు నగరం కాగితాల్లో ఎంసీహెచ్ అని ఉంటుంది. లేఅవుట్లు చూసే మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ 2008లో వచ్చింది, దానికి ముందున్నది హుడా. మల్కాజిగిరి ఊసు 2016 అక్టోబరుకి, అంటే జిల్లాల విభజనకి, ముందైతే రంగారెడ్డి జిల్లా కింద వెతకాలి. ఇలాంటి జంటల మధ్యే ఓఆర్ అక్కరకొచ్చేది.

తెలుగుతో ఇంకో చిక్కుంది. హైదరాబాద్, హైదరాబాదు, హైదరాబాదులో: విభక్తి చేరగానే చివరి అక్షరం రూపు మారిపోతుంది. 'హైదరాబాద్‌లో' అన్నప్పుడు ద్‌కీ లోకీ మధ్య రెండూ ఒత్తుగా కలిసిపోకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు (జీరో విడ్త్ నాన్ జాయినర్) ఒకటి ఉంటుంది. టైప్ చేసినవాళ్లు అది పెట్టకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లకి అది వేరే మాటే. అందుకే ఫైల్ తెరిచి కంట్రోల్ ఎఫ్ కొట్టేటప్పుడు 'హైదరాబా' దగ్గర ఆపేయండి. 'పుస్తకం' కావాలంటే 'పుస్త' చాలు. గూగుల్లో ఈ కిటుకు పనిచేయదు, అక్కడ రూపాలన్నీ కోట్స్‌లో పెట్టి ఓఆర్‌తో కలపాల్సిందే.

ఎదురుగా కనపడుతున్న మాట కూడా దొరకలేదా? దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు పడితే అది అను ఫాంట్లలాంటి పాత, యూనికోడ్ (ఇప్పుడు కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పద్ధతి) కాని ఫాంట్లో చేసిన పీడీఎఫ్. మాట అసలు సెలెక్టే కాకపోతే స్కాన్ బొమ్మ. రెండింటికీ మందు ఓసీఆరే, అంటే బొమ్మలోని అక్షరాల్ని చదివి మాటలుగా మార్చడం. పేజీల్ని బొమ్మలుగా మార్చి, ఒక్కోటీ 2 ఎంబీ దాటకుండా గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. ఒత్తులు, సున్నాలు అక్కడక్కడా తప్పుతాయి కాబట్టి వెతికేటప్పుడు ఒత్తు లేని ముక్కని ఎంచుకోండి.