మూడోసారి ఊడిన క్యాప్

శుక్రవారం, రాత్రి 9:40

ఈసారి ఉప్మా. నా పంటి మీది క్యాప్ మొదటిసారి ఊడినప్పుడు మామిడి తాండ్ర తింటున్నాను, తప్పు నాదే అనుకున్నాను. రెండోసారి మాడుగుల హల్వా. అదీ సరే, తెలిసి తెలిసి తిన్నాను. కానీ నిన్న పొద్దున్న ఉప్మాకేం రోగం? మెత్తటి బొంబాయి రవ్వ, సరిగ్గా నమలాల్సిన పని కూడా లేదు. నోట్లో గట్టిగా ఏదో తగిలితే జీడిపప్పు అనుకుని కొరకబోయి ఆగాను. మా ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు ఎప్పుడు వేశాం గనక!

నా మొహం చూసి అత్తయ్యకి అర్థమైపోయింది. "ఏటమ్మా, మళ్ళీ ఊడిపోనాదా?" అన్నారు. ఆవిడవి రెండు వరసలూ కట్టుడు పళ్ళు. "నావే నయం. ఎప్పుడు తియ్యాలో నాకు తెలుసు" అని ఒక నవ్వు.

క్యాప్‌ని కుళాయి కింద కడిగి (సింకు కన్నానికి అడ్డంగా గుడ్డ పెట్టి మరీ) అరచేతిలో పెట్టుకుని చూశాను. పైనుంచి అచ్చం పన్నే, గాళ్ళతో సహా. తిరగేస్తే బుల్లి గిన్నె. గిన్నె అడుగున మాడు పట్టినట్టు పాత సిమెంటు, పసుప్పచ్చగా. వాసన కూడా వచ్చింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వారం రోజులుగా నోట్లో అటుపక్క అదోలాంటి రుచి ఉంటే కడుపు బాగోలేదనుకున్నాను. సందులోంచి లోపలికి నీళ్ళూ మెతుకులూ పోతున్నాయన్నమాట.

ఉంగరం కొన్నప్పుడు షాపువాళ్ళిచ్చిన ఎర్ర డబ్బా ఒకటి ఖాళీగా ఉంటే అందులో పెట్టాను. ఖరీదు చూస్తే అందులో ఉండటానికి దానికీ అర్హత ఉంది. మా ఆయన మాత్రం "ఫెవిక్విక్ ఉందిగా" అన్నారు. జోకు కాదు, సొరుగు కూడా లాగారు.

రాత్రంతా నాలుక అక్కడే. వద్దనుకున్నా పోయి పోయి ఆ మొండి పన్నునే తడుముతుంది. నిద్రలో కూడా తడిమి ఉంటుంది, పొద్దున్నకి నాలుక అంచు మండుతోంది.

ఇంతకుముందు రెండుసార్లూ క్యాప్ వేసిన చోటికే వెళ్ళాను. కడిగారు, సిమెంటు పెట్టారు, అతికించారు, 500 తీసుకున్నారు. పది నిమిషాలు. ఎందుకు ఊడుతోందో వాళ్ళు చెప్పలేదు. నేనూ అడగలేదు, అడిగితే పని పెరుగుతుందని భయం. ఈసారి మా తోటికోడలు చెప్పిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇసకతోట దగ్గర షేర్ ఆటో ఎక్కి మద్దిలపాలెంలో దిగాను. ఆటోలో హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంటే పక్కావిడ అందులో బంగారం ఉందనుకుని ఉంటుంది.

చీటీ మీద 46 అని రాసి ఉంది. నా వయసు అనుకున్నాను, నాకు 46 మరి. కాదట, అది పన్ను నంబరు. 4 అంటే కింది దవడ కుడివైపు, 6 అంటే మధ్యనుంచి లెక్కపెడితే ఆరో పన్ను. ఈ పన్ను సుమారు ఆరేళ్ళ వయసులో వస్తుందట. పాలపళ్ళేవీ ఊడకుండానే వాటి వెనకాల వచ్చేస్తుంది కాబట్టి, ఇదీ పాలపన్నే అనుకుని చాలామంది పట్టించుకోరంది. మా అమ్మా అలాగే అనుకుని ఉంటుంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి స్క్రీన్ నావైపు తిప్పింది. "సిమెంటు జిగురు కాదండీ, సందు పూడ్చడానికి. క్యాప్‌ని పట్టుకోవాల్సింది పన్ను గోడలు. నాలుగు మిల్లీమీటర్ల ఎత్తయినా ఉండాలి. మీకు రెండున్నర ఉంది" అంది. పైగా ఒకపక్క కొంచెం పుచ్చింది కూడా. రూట్ కెనాల్ చేసిన పన్నుకి నరం ఉండదు కాబట్టి క్యాప్ కింద ఎంత పుచ్చినా నొప్పి తెలియదట. నొప్పి లేదు గదా అని రెండేళ్ళు ధీమాగా తిరిగాను నేను.

ఇప్పుడేం చెయ్యాలంటే, పుచ్చు తీసేసి, వేరులో పాత ఫిల్లింగ్ కొంత తోడి, అందులో పోస్ట్ అని సన్నటి పుల్ల నిలబెట్టి, దానిచుట్టూ పన్నుని ఎత్తుగా కట్టి, అప్పుడు కొత్త క్యాప్. అన్నీ కలిపి పన్నెండు వేలు. నోరు తెరిచే ఉంది కాబట్టి కొత్తగా తెరవాల్సిన పని లేకపోయింది.

"అలాగే వదిలేస్తే?" అని అడిగాను. ఖాళీ ఉంటే పక్క పళ్ళు మెల్లగా జరుగుతాయట, ఆ తర్వాత ఈ క్యాప్ కూడా ఎక్కదు. నిద్రలో మింగేస్తే? మింగితే మామూలుగా దానంతటదే పోతుంది, పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తేనే ప్రమాదం, కాబట్టి కదులుతున్న క్యాప్‌తో పడుకోవద్దంది. ఫెవిక్విక్ సంగతి చెప్తే నవ్వలేదు. అది పెట్టుకుని వచ్చినవాళ్ళని చూసిందట.

మంగళవారం దాకా తాత్కాలిక సిమెంటుతో నిలబెట్టింది. దూది ఉండ కొరికిపెట్టుకుని కూర్చున్నాను. తర్వాత నీలం కాగితం పెట్టి టకటకా కొరకమంది, ఎక్కడ ఎత్తు తగులుతోందో చూడ్డానికి. "రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతారా?" అని అడిగితే లేదన్నాను. ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగితే, "ఇన్నాళ్ళూ ఎలక అనుకున్నాను" అన్నారు. మంగళవారం ఇదొకటి చెప్పాలి.

సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్ళాం. మురీ (మరమరాల) మిక్స్చర్ బండి దగ్గర ఆయన ఒక్క పొట్లమే కొన్నారు, అదీ నా ఎదురుగా. పల్లీలు ఏరి పక్కన పెట్టి, మామిడికాయ కోరు తగిలిన మురీలు నాలుగు ఎడమపక్కకి తోసుకుని నానబెట్టి తిన్నాను. కరకర లేకపోతే అది మురీ మిక్స్చరే కాదు.

అత్తయ్యకి అంతా చెప్పాను, పోస్ట్, ఎత్తు, గోడలు, పన్నెండు వేలు. ఆవిడ విని, "కర్ర అరిగిపోయిన రోకలికి పొన్ను నిలుస్తాదేటి?" అన్నారు. పొన్ను అంటే రోకలి చివర వేసే ఇనప తొడుగు. డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించి పావుగంట చెప్పింది ఇదే.

ఎర్ర డబ్బా మాత్రం బ్యాగులోంచి తియ్యలేదు. రేపు పొద్దున్న టిఫిను మళ్ళీ ఉప్మానే.