కరెంటు తిరిగి వచ్చిన రోజు లిబ్‌కర్ల్ ఇచ్చిన 60

ఆకివీడు దగ్గర మా మావయ్యగారి రొయ్యల చెరువుల గట్టు మీద, మోటారు షెడ్డులో, ఒక రాస్‌బెర్రీ పై బోర్డు (చేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు) రెండేళ్లుగా పనిచేస్తోంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ), ఉష్ణోగ్రత, పీహెచ్ రీడింగులను అది అరగంటకొక ఫైలుగా రాసి, మేము అద్దెకు తీసుకున్న సర్వరుకు ఎఫ్‌టీపీ అనే ఫైళ్ల బదిలీ పద్ధతి ద్వారా పంపుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకు నీటికి గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని తిప్పాలో మావయ్యగారు ఫోనులో ఆ రీడింగులు చూసుకునే నిర్ణయిస్తారు కనుక, అవి అందకపోవడం మాకు చిన్న విషయం కాదు. పంపే పనికి నేను సీ భాషలో లిబ్‌కర్ల్ లైబ్రరీని, అంటే నెట్‌వర్కు మీద ఫైళ్లు పంపడానికి సిద్ధంగా దొరికే కోడును, వాడాను.

మొన్నటి తుఫానుకు నాలుగు రోజులు కరెంటు పోయింది. జనరేటరును ఏరియేటర్లకే వాడారు. కరెంటు వచ్చిన పూట మావయ్యగారు ఫోన్ చేసి, "ఒరేయ్, డీఓ ఇంకా తుఫాను ముందుదే చూపిస్తోందిరా" అన్నారు. బోర్డు లేచింది, సిమ్ మోడెమ్ కలిసింది, కాని పంపే ప్రయత్నం ప్రతిసారీ 60 అనే ఎర్రర్ సంఖ్యతో ఆగుతోంది. అవతలి సర్వరు తానెవరో రుజువుగా చూపే సర్టిఫికెట్ తనిఖీలో నిలవలేదని దాని అర్థం.

ఈ 60 కోసం ఇంటర్నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా, ఆ తనిఖీని నడిపే వెరిఫైపీర్ ఆప్షన్‌ను సున్నా చేయమనడం. అలా చేస్తే ఫైళ్లు వెంటనే కదులుతాయి, నిజమే. కాని రొయ్యలు పట్టే రోజున గట్టు మీదికి వచ్చిన లారీ ఎవరిదో అడగకుండా ట్రేలు ఎక్కించే రైతు మా వైపు ఉండడు. లారీవాడు చూపిన కాగితం మనం నమ్మే చోటు నుంచి వచ్చిందా అని చూడడం వెరిఫైపీర్ పని. ఆ కాగితం మీద ఉన్న పేరు మనం పిలిచిన కొనుగోలుదారుదేనా అని చూడడం వెరిఫైహోస్ట్ పని. రెండూ వేరు, రెండూ కావాలి. తనిఖీ తీసేస్తే కనెక్షన్ గుప్తంగానే ఉంటుంది కాని, ఎవరితో గుప్తంగా మాట్లాడుతున్నామో తెలియదు. మధ్యలో దూరినవాడికి మన లాగిన్ పాస్‌వర్డును మనమే అందించినట్లవుతుంది.

వెరిఫైహోస్ట్‌కు ఇవ్వవలసిన విలువ 2, లైబ్రరీ డిఫాల్టూ అదే. దాన్ని అవును, కాదు అనే ఆప్షన్‌గా పొరబడి 1 ఇచ్చిన ప్రోగ్రాములలో ఒకప్పుడు పేరు సరిపోల్చే పని జరిగేదే కాదు. 2012లో వచ్చిన 7.28.1 వెర్షన్ నుంచి 1 ఇస్తే లైబ్రరీ తిరస్కరించేది. 2019 నాటి 7.66.0 నుంచి 1ని కూడా 2గానే తీసుకుంటోంది. పాత కోడును చేతికి తీసుకున్నవారు ఈ ఒక్క వరుసను తప్పక చూడాలని నా మనవి.

అసలు కారణం, ఎర్రర్‌ను మాటల్లో చెప్పే ఎర్రర్‌బఫర్ ఆప్షన్ పెట్టాక, ఒక్క వాక్యంలో తెలిసింది: సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదు. మా బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చినప్పుడు అది చివరిసారి భద్రపరచుకున్న సమయంతో, అంటే తుఫాను ముందు రోజుతో, మొదలవుతుంది. 90 రోజుల గడువుండే మా సర్వరు సర్టిఫికెట్ సరిగ్గా ఆ నాలుగు రోజులలోనే తనంతట తాను కొత్తదైంది. నెట్‌వర్కు నుంచి సమయం తెచ్చుకునే సేవ ఆ సిమ్ మీద పనిచేయడం లేదని కూడా అప్పుడే బయటపడింది. బోర్డు దృష్టిలో ఆ సర్టిఫికెట్ రాబోయే రోజులది. తనిఖీ తన పని తాను చేసింది, తప్పు గడియారానిది. వెరిఫైపీర్ తీసేసి ఉంటే రీడింగులన్నీ నాలుగు రోజుల పాత తేదీలతో సర్వరు చేరేవి, వాటిని నమ్మి ఏరియేటర్లు ఆపినా ఆపేవారు.

ఈ సందర్భంలోనే మిగిలిన ఆప్షన్లనూ మళ్లీ చూశాను. ఎఫ్‌టీపీ కనెక్షన్‌ను గుప్తం చేయాలా అని చెప్పే యూజ్ ఎస్ఎస్ఎల్‌కు నేను ఇచ్చిన విలువ ట్రై (వీలైతే చేయమని). సర్వరు టీఎల్ఎస్‌కు, అంటే కనెక్షన్‌ను గుప్తం చేసే పద్ధతికి, ఒప్పుకోకపోతే అది గుప్తత లేకుండానే ముందుకు పోతుంది కాబట్టి, మధ్యలో ఎవరైనా ఆ సమాధానాన్ని మార్చితే చాలు, మన పాస్‌వర్డు తెరచిన ఉత్తరంలా వెళ్తుంది. దాన్ని ఆల్‌గా (తప్పనిసరిగా) మార్చాను. ఇప్పుడు టీఎల్ఎస్ కుదరకపోతే 64 అనే ఎర్రర్‌తో ఆగుతుంది. టైమౌట్ డిఫాల్టు సున్నా, అంటే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. దానికి గట్టి హద్దు పెడితే సిగ్నల్ నెమ్మదించిన రాత్రి సాగుతున్న పని కూడా తెగిపోతుంది కనుక, లోస్పీడ్ ఆప్షన్లతో, సెకనుకు 30 బైట్ల కన్నా తక్కువగా 60 సెకన్లు గడిస్తేనే వదిలేయమని చెప్పాను.

మధ్యలో తెగిన ఫైలుకు, ఎక్కడి నుంచి కొనసాగించాలో చెప్పే రెజ్యూమ్‌ఫ్రమ్ లార్జ్ ఆప్షన్ విలువ −1 ఇస్తే, అవతల ఎంత చేరిందో లైబ్రరీయే సర్వరును అడిగి, మన ఫైలులో అంతమేరకు దాటి, మిగిలినది చివర చేరుస్తుంది. నేను మొదట్లో ఫైలులో చదివే చోటును నా కోడులో కూడా ముందుకు జరిపి, అదే భాగాన్ని రెండుసార్లు దాటించి, మధ్యలో రీడింగులు పోగొట్టాను. సగం చేరిన ఫైలును అవతలి ప్రోగ్రాము చదవకుండా ఉండటానికి తాత్కాలిక పేరుతో పంపి, పూర్తయ్యాక, బదిలీ తర్వాత సర్వరుకు ఆదేశాలు పంపే పోస్ట్‌కోట్ ఆప్షన్ ద్వారా, పేరు మార్చే ఆర్‌ఎన్‌ఎఫ్‌ఆర్, ఆర్‌ఎన్‌టీఓ ఆదేశాలతో అసలు పేరు పెడుతున్నాను. బదిలీ విఫలమైతే ఆ ఆదేశాలు నడవవు.

బోర్డుకు ఇప్పుడు చిన్న బ్యాటరీ ఉన్న గడియారపు మాడ్యూల్ తగిలించాను. 60 వచ్చినప్పుడు ప్రోగ్రాము ఫైళ్లను మెమరీ కార్డులోనే దాచుకుని, ఎర్రర్‌బఫర్ వాక్యాన్ని, తన తేదీని నా ఫోనుకు ఎస్సెమ్మెస్‌గా పంపుతుంది. మావయ్యగారి ఫోనుకు మాత్రం, రీడింగులు ఆగాయని, చేతి మీటరుతో చూసుకోవాలని తెలుగులో వెళ్తుంది.