నీడపట్టు వసారాలో వేలాడే కుండీలకు ఏ మొక్కలు?

వసారాలో ఎండ తక్కువ అనగానే నర్సరీకి వెళ్లి నీడ మొక్కలు కావాలని అడుగుతాం. వేలాడే కుండీల విషయంలో నీడ కన్నా పెద్ద పరీక్ష గాలి. నేలమీద కుండీలా కాకుండా దీనికి అడుగున కూడా గాలి తగులుతుంది. పైగా ఇందులో పట్టే మట్టి కొద్దిగా మాత్రమే. హైదరాబాదులో మే నెల వడగాడ్పులు మొదలయ్యాక ఉదయం తడిపిన మట్టి సాయంత్రానికల్లా పొడిబారిపోతుంది. అందువల్ల డిసెంబరులో నర్సరీలో కళకళలాడుతున్న మొక్కను చూసినప్పుడు, ఇది మే నెలను దాటగలదా అన్న ప్రశ్నే నేను ముందుగా వేసుకుంటాను.

ఆ తరువాత చూడవలసింది వసారా ముఖం. తూర్పు వసారాకు ఉదయపు లేత ఎండ తగిలి, పదింటి తరువాత నీడ వస్తుంది. ఈ మొక్కలకు ఇంతకంటే మంచి చోటు లేదు. పడమటి వసారా రోజులో సగం నీడలోనే ఉన్నా, మధ్యాహ్నం మూడు దాటాక పడే ఎండ ఆకులను మాడ్చేస్తుంది కనుక దానిని నీడపట్టుగా లెక్కవేయకూడదు. దక్షిణపు వసారాలోకి చలికాలంలో ఎండ లోపలిదాకా వస్తుంది గాని, వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరడంతో చూరు నీడే మొక్కలను కాపాడుతుంది.

ఒకే ఒక్క మొక్కను ఎంచుకోమంటే నేను స్పైడర్ ప్లాంట్ పేరే చెబుతాను. దానిని కుండీలోంచి తీసి చూస్తే మట్టి కంటే ఎక్కువగా తెల్లగా, లావుగా, ముల్లంగి పిందెల్లాంటి వేళ్లే కనిపిస్తాయి. ఆ వేళ్లలో నీరు నిలవ ఉంటుంది కాబట్టి ఒక పూట నీళ్లు పోయడం మరచినా అది తట్టుకుంటుంది. బాగా ఎదిగాక సన్నని తీగలు సాగి, వాటి కొసన పిల్ల మొక్కలు వేలాడుతాయి. వేరు మొలకలు కనిపించిన పిల్లను తుంచి మట్టిలో గుచ్చితే మరో కుండీ సిద్ధమవుతుంది. దీనికున్న చిక్కల్లా బోరు నీళ్లతోనే. వాటిలోని లవణాలు పేరుకుని ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరుగుతాయి. కుళాయి నీళ్లు గాని, వర్షాకాలంలో పట్టి ఉంచిన వాన నీళ్లు గాని పోస్తే కొత్తగా వచ్చే ఆకులు శుభ్రంగా ఉంటాయి.

మనీప్లాంట్, సింగోనియం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎవరింట్లోనైనా బతుకుతాయి. అయితే తెల్ల మచ్చల మనీప్లాంట్‌ను మరీ చీకటి మూలన కడితే ఆ మచ్చలు తగ్గిపోయి ఆకులు పూర్తిగా ఆకుపచ్చగా మారతాయి. ఈ రెండింటి ఆకులూ నమిలితే నోరు మంట పుడుతుంది కాబట్టి, చిన్నపిల్లలు గాని పిల్లులు గాని ఉన్న ఇంట్లో తీగలను అందనంత ఎత్తుకు కత్తిరిస్తూ ఉండాలి. ఊదా, వెండి చారల వాండరింగ్ జ్యూకు ఉదయపు ఎండ కొంతైనా తగలకపోతే రంగు వెలిసిపోతుంది. దాని కొమ్మలను అప్పుడప్పుడు తుంచి అదే కుండీలో గుచ్చకపోతే నడినెత్తి బోడిగా మిగిలి, చుట్టూ పొడవాటి తీగలు మాత్రమే వేలాడుతాయి.

బోస్టన్ ఫెర్న్ అందానికి సాటి లేదన్న మాట నిజమే. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాలలో గాలిలో తేమ ఉంటుంది కనుక అక్కడ అది ఏపుగా పెరుగుతుంది; తెలంగాణ పొడి వేసవిలో మాత్రం కొంచెం ఏమరుపాటుగా ఉన్నా చిరుటాకులన్నీ వసారా నేల మీద రాలుతాయి. రోజుకు రెండు పూటలా నీళ్లు పోసే ఓపిక లేనివారికి నేను దానిని సిఫారసు చేయను. పూల విషయానికి వస్తే, పెటూనియాలకు ఐదారు గంటల ఎండ కావాలి. నీడలో అవి ఆకులు వేస్తాయే తప్ప పూలు పూయవు. నీడపట్టున పూలే కావాలనుకుంటే వర్షాకాలంలో టోరేనియా, చలికాలంలో బిగోనియా నయం.

మట్టి తేలికగా ఉండాలి. ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, వర్మికంపోస్టు ఒక పాలు కలిపితే తేమా నిలుస్తుంది, కొక్కెం మీద బరువూ తగ్గుతుంది. ఫెర్న్‌ను, స్పైడర్ ప్లాంట్‌ను ఒకే కుండీలో కలిపి నాటకూడదు. ఒకదానికి చాలిన నీరు రెండోదాని వేళ్లను కుళ్లబెడుతుంది. కడియం వంటి చోట్ల నుంచి వచ్చే మొక్కలు చాలావరకు నీడ వలల కింద పెరిగినవి కాబట్టి, తెచ్చిన రోజే వసారా అంచున కట్టకుండా, పది రోజులపాటు లోపలి గోడ పక్కన ఉంచి, తరువాత మెల్లగా వెలుతురులోకి జరపాలి.