ఏ చప్పుడు ఎవరిది

వార్డులో మంచం మీద ఉన్న మనిషి మెదడులో ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఒక్కో ఎలక్ట్రోడ్ చివర ఎనిమిది తీగలు, ఒక్కోటి 40 మైక్రాన్లు, తలవెంట్రుక కన్నా సన్నం. ఆయనది మందులకు లొంగని మూర్ఛ. ఫిట్స్ ఏ మూల మొదలవుతున్నాయో తెలిస్తేగానీ ఆపరేషన్ చేయలేరు. అందుకని ఫిట్స్ వచ్చేదాకా రోజుల తరబడి ఎదురుచూస్తారు. ఆ మధ్యలో, ఆయన ఒప్పుకుంటే, ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపిస్తూ నాడీకణాల సంకేతాలు రికార్డు చేస్తారు. సాయంత్రానికి ఆ ఫైళ్లు నా దగ్గరికి వస్తాయి. అందులో ఏ చప్పుడు ఏ కణానిదో విడదీయడం నా ఉద్యోగం. దీన్ని స్పైక్ సార్టింగ్ అంటారు. కణం ఒకసారి మోగినప్పుడు వచ్చే చిన్న విద్యుత్ సంకేతమే స్పైక్.

జర్మనీ వచ్చి ఆరేళ్లయింది. నరసరావుపేటలో ఈసీఈ చదివేటప్పుడు ఫిల్టర్లంటే నాకు పరీక్షలో వచ్చే ప్రశ్న, అంతే. ఇక్కడ మొదటి రోజు మా సీనియర్ స్పీకర్ ఆన్ చేసి వినమంది. మూకుట్లో పేలాలు పేలుతున్నట్టు టప్, టప్, టపటప. 1920ల చివర్లో కేంబ్రిడ్జ్‌లో ఎడ్గర్ ఏడ్రియన్ అనే శాస్త్రవేత్త కూడా నరాల సంకేతాలను ఇలాగే లౌడ్‌స్పీకర్‌లో విన్నాడని, 1932లో ఆయనకు నోబెల్ వచ్చిందని ఆవిడ చెబుతోంది. నేను సగమే విన్నాను. ఎవరో మనిషి తలలో ఒక్క కణం చేస్తున్న చప్పుడు అది. ఒళ్లు జలదరించింది.

పని మొదలయ్యేది మామూలు ఫిల్టర్‌తోనే. 300 నుంచి 3,000 హెర్ట్జ్ దాకా ఉంచి మిగతాది తీసేస్తే, మెదడు మొత్తం మీద నెమ్మదిగా కదిలే అలలు పోయి గీత చదునవుతుంది. దాని మీద ముళ్లలా స్పైకులు లేస్తాయి. ఒక్కోటి మిల్లీసెకను, రెండు మిల్లీసెకన్లు. ఎత్తు చూస్తే కొన్ని పదుల మైక్రోవోల్టులు, అదృష్టం బాగుంటే వంద దాటుతుంది. ఎంత ఎత్తు దాటితే స్పైక్ అనాలి? నేను ముందు స్టాండర్డ్ డీవియేషన్, అంటే విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె, లెక్కేసి నాలుగు రెట్లు పెట్టాను. కణం జోరుగా మోగుతున్నప్పుడు ఆ స్పైకులే ఆ లెక్కను పెంచేస్తాయి. హద్దు పైకి జరిగిపోయి, దొరకాల్సినవి కింద ఉండిపోతాయి. 2004లో కియాన్ కిరోగా అనే శాస్త్రవేత్త బృందం దీనికి చెప్పిన ఉపాయం ఎంత చిన్నదో! విలువల ప్లస్, మైనస్ గుర్తులు తీసేసి, మధ్యగతం (వరసలో సరిగ్గా నడుమ ఉండే విలువ) పట్టి, 0.6745తో భాగించి, స్టాండర్డ్ డీవియేషన్ బదులు దాన్ని వాడమన్నారు. మధ్యగతం కాబట్టి కొద్దిపాటి స్పైకులకు అది చలించదు. ఆ ఒక్క లైను కోడ్ మార్చినందుకు నా ఫైళ్లలో మాయమైన కణాలు తిరిగొచ్చాయి.

తర్వాత ఒక్కో స్పైక్‌నూ కత్తిరించి, వేవ్‌లెట్లనే గణిత పద్ధతితో దాని ఆకారాన్ని కొన్ని అంకెల్లోకి కుదించి, ఒకేలా ఉన్నవాటిని గుంపులు చేస్తాం. తీగ పక్కనున్న కణానికి ఒక ఆకారం, కాస్త దూరాన ఉన్నదానికి ఇంకో ఆకారం. ఎలుకల్లో వాడే న్యూరోపిక్సెల్స్ ప్రోబ్ అనే సన్నని సూదిలో ఒకేసారి రికార్డు చేసే చానళ్లు 384 ఉంటాయి. గంటకు 80 గిగాబైట్లు దాటుతుంది. అక్కడ ఒకే కణాన్ని చాలా చానళ్లు వింటాయి కాబట్టి అది ఎక్కడుందో కూడా పట్టేయవచ్చు. మాకా వీలు లేదు. మా తీగల్లో ఒక కణం సాధారణంగా ఒక్కదానికే వినిపిస్తుంది. ఆకారమూ, సమయమూ, ఆ రెండే మాకు ఆధారం.

సమయం సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. రెండో ఏడాది ఒక గుంపు దొరికింది. ఆకారం గీసినట్టు ఒకేలా ఉంది, వేల స్పైకులు. సోమవారం మీటింగ్‌లో స్క్రీన్ మీద పెట్టాను. వెనక నుంచి ఒకాయన, ‘ఒక స్పైక్‌కీ ఇంకోదానికీ మధ్య వ్యవధి చూశావా?’ అన్నాడు. అక్కడే తీసి చూశాను. 20 మిల్లీసెకన్ల దగ్గర ఒక శిఖరం, 40 దగ్గర ఒకటి, 60 దగ్గర ఒకటి. ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్, అంటే సరిగ్గా 20 మిల్లీసెకన్లకో అల. నేను రెండు వారాలు మురిసిపోయింది గోడ ప్లగ్‌కు తగిలించిన మంచం మోటారును చూసి. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పటి నుంచి ఆకారం కన్నా ముందు వ్యవధే చూస్తాను. స్పైక్ వచ్చాక కణానికి ఒకటి రెండు మిల్లీసెకన్లు విరామం తప్పదు. ఒక గుంపులో అంతకన్నా దగ్గరగా చాలా స్పైకులు పడ్డాయంటే అది ఒక్క కణం కాదు, రెండో మూడో కలిసిపోయాయి. విడదీయలేకపోతే మల్టీ యూనిట్, అంటే ఒకటికి మించిన కణాలు, అని రాసి వదిలేస్తాను. ‘ఇంకాస్త లాగితే రెండు కణాలొస్తాయి కదా’ అంటారు కొందరు. నేను లాగను. తల తెరిపించుకుని ఓపిగ్గా బొమ్మలు చూసిన మనిషి ఇచ్చిన రికార్డు అది. లేని కణాన్ని ఉందని చెప్పడానికి నాకు చేతులు రావు.

అమ్మ ఒకసారి ఫోన్లో, ‘అసలు ఏం చేస్తావే అక్కడ పొద్దస్తమానం?’ అంది. ఫిట్స్ వచ్చేవాళ్ల మెదడు సంకేతాలు చూస్తానన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. మా పిన్ని కొడుక్కి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. ఇంట్లో వాడు పడిపోగానే ఎవరో ఒకరు తాళంచెవుల గుత్తి తెచ్చి పిడికిట్లో పెట్టి బిగించేవాళ్లు. నేనూ పెట్టాను, తొమ్మిదేళ్లప్పుడు. వాడి వేళ్లు ఎంత గట్టిగా ఉండేవో ఇప్పటికీ గుర్తు. తాళాలు పెట్టడం వల్ల ఫిట్స్ ఆగవనీ, పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ గట్టి వస్తువులు తీసేసి, టైము చూసుకోవాలనీ, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలనీ మాకెవరూ చెప్పలేదు.

ఫిట్స్ వచ్చిన ఆ నిమిషపు రికార్డు కూడా ఫైల్లో ఉంటుంది. అంతవరకూ విడివిడిగా వినిపించిన కణాలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, ఆకారాలు సాగిపోతాయి. ఏ చప్పుడు ఎవరిదో నా పద్ధతులేవీ చెప్పలేవు. ఆ చోటుకు వచ్చినప్పుడల్లా వాడి పిడికిలి కళ్లముందు కదులుతుంది.

‘మనవాడికి కూడా ఇలా చూస్తారా?’ అంది అమ్మ చివరికి. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరువనంతపురం శ్రీచిత్రలో మూర్ఛకు ఆపరేషన్లు చేస్తున్నారనీ, అందరికీ కుదరదు గానీ ముందు చూపించమనీ చెప్పాను. ఎన్నాళ్లుగానో తెలిసిన సంగతి. అమ్మ అడిగేదాకా నేను నోరు విప్పలేదు. అది నా తప్పే.

పోయిన నెల పిన్ని వాట్సాప్‌లో నిమ్స్ ఓపీ చీటీ ఫొటో పంపింది. కింద, ‘ఎమ్మారై బుధవారం అన్నారమ్మా, వాడు భయపడుతున్నాడు, నువ్వోసారి మాట్లాడు’ అని రాసింది. ఇక్కడ అప్పుడు ఉదయం ఏడు. తెరిచిన ఫైల్ అలాగే వదిలేసి వాడికి ఫోన్ చేశాను.