కంచు డాల్ఫిన్లు

"అమ్మా, ఇది డబ్బులా, చెవిపోగా?" అని పక్కనే ఓ పిల్లాడు అడుగుతున్నాడు. వాళ్లమ్మతో పాటు నేనూ వంగి చూశాను.

మ్యూజియం గాజు పెట్టెలో బొటనవేలంత కంచు డాల్ఫిన్. ఒకవైపు కన్ను, వీపు మీది రెక్క తెలుస్తున్నాయి. రెండోవైపు దాదాపు చదును. తోక చివర, పోత పోసినప్పుడు మిగిలిపోయిన ముక్కని అరగదీయను కూడా లేదు.

డబ్బులే బాబూ! నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న ఓల్బియావి. మిలేటస్ అనే పాత గ్రీకు నగరం నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరది. మిగతా గ్రీకు నగరాలు గుండ్రటి వెండి బిళ్లల మీద ముద్ర కొట్టుకుంటుంటే, వీళ్లు క్రీ.పూ. 5వ శతాబ్దంలో కంచు కరిగించి డాల్ఫిన్లు పోశారు. అంతకుముందైతే ఆ చుట్టుపక్కల బాణం మొనల్లాంటి కంచు ముక్కలే చెల్లేవట.

డాల్ఫినే ఎందుకంటే, అపోలో డెల్ఫీనియోస్, అంటే డాల్ఫిన్ల అపోలో, వాళ్ల దేవుడు, ఆయనకి ఊళ్లో గుడి కూడా ఉండేది, అందుకని అంటారు. కావచ్చు. రోజూ సముద్రంలో ఎగిరే వాటిని చూస్తూ బతికేవాళ్లకి వేరే కారణం కావాలా అని నా డౌటు.

అదే ఊళ్లో గోర్గాన్ అనే పాముల జుట్టు రాక్షసి మొహంతో అరచేతిలో బరువుగా కూర్చునేంత పెద్ద పోత నాణేలు కూడా చేశారు. వాటితో కూరగాయలు ఎలా కొన్నారో మరి!

తర్వాత వాళ్లూ అందరిలా ముద్ర కొట్టిన గుండ్రటి నాణేలకి మారిపోయారు. లెక్కపెట్టడానికి, మోయడానికి అవే సుఖం, ఒప్పుకుంటాను. అయినా ఆ డాల్ఫిన్లని వదిలేసినందుకు నాకు కాస్త కోపంగానే ఉంది.